ఒంటారియోలో శరత్కాలపు బాస్ వేటకు లైసెన్సు: దరఖాస్తులో ఆరు నెలల లెక్క

అక్టోబరు వచ్చేసరికి కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో సిమ్‌కో సరస్సు ఒడ్డున విహారపు పడవలు గట్టెక్కుతాయి గాని, స్మాల్‌మౌత్ బాస్ అనే చేపల కోసం గాలాలు పట్టుకొని వచ్చేవారి రాక అప్పుడే పెరుగుతుంది. పైనీరు చల్లబడే కొద్దీ ఈ చేపలు లోతైన రాతి దిబ్బల మీదికి గుంపులుగా చేరి, చలికాలం ముంచుకురాకముందే కడుపు నిండా మేస్తాయి. బరువైన చేప గాలానికి తగిలే అవకాశం ఈ రోజుల్లో ఎక్కువ. సరస్సు టొరంటోకు దగ్గర కావడంతో బ్రాంప్టన్, మిసిసాగాల తెలుగు కుటుంబాలు కూడా ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్లను వెంటబెట్టుకొని, పడవ మాట్లాడుకొని వస్తున్నాయి. పోయిన శరత్తులో అలా వచ్చిన ఒక కుటుంబం పడవ ఎక్కకుండానే రేవు నుంచి వెనుదిరగడం చూశాను. కొడుకు చేతిలో లైసెన్సు ఉంది, కాని అది తప్పు తరగతిలో తీసినది. తండ్రికి అసలు అక్కర్లేదని ఎవరో చెప్పారు. ఆ చెప్పిన మనిషే లైసెన్సు తీసిపెట్టినందుకు పైన 20 డాలర్లు పుచ్చుకున్నాడు.

దరఖాస్తు నిజానికి పది పదిహేను నిమిషాల పని. ఒంటారియోలో 18 నుంచి 64 ఏళ్ల మధ్య వయసున్నవారు గాలం వేయాలంటే మామూలుగా రెండు ఉండాలి: మూడేళ్లు చెల్లే ఔట్‌డోర్స్ కార్డు అనే వేటగాళ్ల గుర్తింపు కార్డు, దానికి జతగా చేపల వేట లైసెన్సు. రెండింటినీ ప్రాంతీయ ప్రభుత్వం నడిపే హంట్ అండ్ ఫిష్ ఒంటారియో వెబ్‌సైటులో ఖాతా తెరిచి కొనుక్కోవచ్చు. అది కుదరకపోతే కొన్ని సర్వీస్ ఒంటారియో ప్రభుత్వ సేవా కేంద్రాల్లోనూ, లైసెన్సులు అమ్మే అధికారం ఉన్న దుకాణాల్లోనూ దొరుకుతాయి. పేరు, చిరునామా, పుట్టిన తేదీ నింపడం అందరికీ తెలిసిన పనే. ఇంటిపేరు విషయంలో మాత్రం మనవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, డ్రైవింగ్ లైసెన్సులో పేరు మరో రకంగా విరిగి ఉంటే, రేవులో ఏ గుర్తింపు పత్రం చూపించబోతున్నారో దాని మీద ఉన్నట్టే ఇక్కడా రాయండి.

ఇక ఎక్కువమంది తడబడేది నివాస తరగతి దగ్గర. దరఖాస్తులో మూడు తరగతులు ఉంటాయి: ఒంటారియో నివాసి, కెనడా నివాసి, కెనడాలో నివాసం లేనివారు. ఈ మాటలు చూడగానే మనవాళ్ల మనసు వీసా మీదికి పోతుంది. శాశ్వత నివాసపు కార్డు చేతికొచ్చింది కాబట్టి ఒంటారియో నివాసినే అని ఒకరు, స్టడీ పర్మిట్ మీద ఉన్నాను కాబట్టి విదేశీయుణ్ణే అని మరొకరు అనుకుంటారు. రెండూ పొరపాటే. ఇక్కడ అడిగేది వీసా గురించి కాదు, ఎంతకాలంగా నివసిస్తున్నారన్నది. మీ ప్రధాన నివాసం ఒంటారియోలో ఉండి, దరఖాస్తు చేసే రోజుకు ముందరి 12 నెలల్లో వరుసగా కనీసం ఆరు నెలలు ఒంటారియోలోనే నివసించి ఉంటే మీరు ఒంటారియో నివాసి. ఆ ఆరు నెలలు కెనడాలో మరెక్కడైనా గడిపి ఉంటే కెనడా నివాసి. ఈ రెండింటిలోకీ రాకపోతే మూడో తరగతి.

శరత్కాలంలో ఈ లెక్క ఎందుకు తిరగబడుతుందో ఒక ఉదాహరణతో చూడండి. జనవరి చదువులకు వచ్చి ఇక్కడే ఉన్న విద్యార్థికి అక్టోబరు నాటికి ఎనిమిది నెలలు దాటుతాయి. అతను ఎక్కువ రుసుము కట్టనక్కర లేదు. సెప్టెంబరు చదువులకు ఆగస్టు చివర దిగినవాడికి అప్పటికి రెండు నెలలైనా నిండవు. చేతిలో ఒంటారియో డ్రైవింగ్ లైసెన్సు ఉన్నా సరే అతను ఒంటారియో నివాసి తరగతిలోకి రాడు. ఉద్యోగం మారి మే నెలలో కెనడాలోనే మరో రాష్ట్రంలోని కాల్గరీ నుంచి వచ్చినవారు అక్టోబరు మొదట్లో ఇంకా కెనడా నివాసులే. రేవులో నేను చూసిన కుర్రాడిది ఆగస్టు కథే. తక్కువ రుసుముకు వస్తుందని ఆ మధ్యవర్తి అతన్ని ఒంటారియో నివాసిగా నింపేశాడు. తప్పుడు వివరంతో లైసెన్సు తీసుకోవడం 1997 నాటి చేపలు, వన్యప్రాణుల సంరక్షణ చట్టం కింద నేరం. ఆ లైసెన్సు మీద ఉన్న పేరు కుర్రాడిది, మధ్యవర్తిది కాదు. తెలియక తప్పు తరగతి పెట్టినవారు కంగారు పడకుండా, వేటకు వెళ్లకముందే సహజ వనరుల మంత్రిత్వ శాఖ సహాయ కేంద్రానికి ఫోన్ చేసి ఏం చేయాలో అడగడం మంచిది.

పెద్దవాళ్ల విషయంలో వినవచ్చే మాట మరొకటి: 65 దాటితే లైసెన్సు అక్కర్లేదు. ఇది సగమే నిజం. 65 ఏళ్లు నిండినవారికీ, 18 లోపువారికీ కొనుగోలు మినహాయింపు ఉన్నది కెనడాలో నివసించేవారికి. వారు పేరు, పుట్టిన తేదీ ఉన్న ప్రభుత్వ గుర్తింపు పత్రాన్ని దగ్గర ఉంచుకుంటే చాలు. నెల కిందట గుంటూరు నుంచి దిగిన 68 ఏళ్ల నాన్నగారు మూడో తరగతిలోకి వస్తారు కాబట్టి ఆయనకు లైసెన్సు కావాలి. అయితే పడవలో కూర్చొని చూడటానికి ఎవరికీ లైసెన్సు అక్కర్లేదు. ఫొటో కోసమని గాలపు కర్ర ఆయన చేతికిచ్చి తీగ నీళ్లలో వదిలితేనే చిక్కు. ఉచితంగా గాలం వేసుకునే రోజులు ఉన్నాయని కొందరు భరోసా ఇస్తారు. ఉన్న మాట నిజమే, కాని అవి ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే సెలవు, ఆ తరవాత మాతృ దినోత్సవం, పితృ దినోత్సవం వారాంతాల్లోనూ, వేసవి మొదట్లో ఒక వారంలోనూ వస్తాయి. శరత్తులో ఒక్కటీ లేదు. పైగా ఆ సదుపాయం కూడా కెనడా నివాసులకే.

రుసుము దగ్గర కొద్దిపాటి గణితం లాభిస్తుంది. నేను రాసే నాటికి ఒంటారియో నివాసికి ఔట్‌డోర్స్ కార్డు 8.57 డాలర్లు, ఏడాది స్పోర్ట్ లైసెన్సు (ఎక్కువ చేపలు ఉంచుకోవడానికి) 26.57, కన్జర్వేషన్ లైసెన్సు (తక్కువ చేపలకు) 15.07, ఒక్కరోజు లైసెన్సు 12.21, పన్ను అదనం. ఏడాది లైసెన్సు అంటే కొన్న రోజు నుంచి 12 నెలలు కాదు, జనవరి 1 నుంచి డిసెంబరు 31 వరకు. అక్టోబరులో కొంటే మీ చేతికి వచ్చేది మూడు నెలల లోపే. ఒక్కరోజు లైసెన్సుకు ఔట్‌డోర్స్ కార్డు అవసరం లేదు కనుక, కార్డు లేనివారు ఈ శరత్తులో ఒక్కసారే వెళ్లేటట్లయితే అదే చవక. చూడవచ్చిన తల్లిదండ్రులకు కూడా ఇదే నయం. వారి తరగతికి రుసుములు బాగా ఎక్కువ. చేపల వేట నిబంధనల కోసం ఒంటారియోను మండలాలుగా విభజించారు; సిమ్‌కో ఉన్న 16వ మండలంలో ఉంచుకోగల బాస్ చేపల పరిమితి స్పోర్ట్ లైసెన్సుకు ఆరు, కన్జర్వేషన్‌కు రెండు. పట్టి వదిలేసేవారికి, రెండు చేపలు వండుకుంటే చాలనుకునేవారికి రెండోదే సరిపోతుంది. బాస్ వేట ఏ తేదీ వరకు తెరిచి ఉంటుందో మండలాన్ని బట్టి మారుతుంది; లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన మూసిన కాలంలో వేట చెల్లదు కాబట్టి ఆ ఏటి నిబంధనల పుస్తకంలో మీ సరస్సు ఉన్న మండలం చూసుకోండి.

మోటారు పడవ మీరే నడపదలిస్తే సమాఖ్య ప్రభుత్వపు పడవ చోదక కార్డు వేరే కావాలి. బతికున్న చిరుచేపలను ఎరగా కొంటే దుకాణం రసీదు పారేయకండి. ఎర విషయంలో మండలాలు వేరే ఉంటాయి; మీ ఇల్లున్న ఎర మండలం దాటి వేటాడేటప్పుడు, ఎరను వేటాడే మండలంలోనే కొన్నట్టు ఆ రసీదే చూపాలి.

ఒక్కరోజు లైసెన్సు తీసుకునేవారికి చివరగా ఒక మాట. అది మీరు ఎంచుకున్న తేదీకే చెల్లుతుంది. పెద్ద సరస్సు మీద అక్టోబరు గాలి లేచిందంటే పడవవారు ప్రయాణం మానేసి మరో రోజు రమ్మంటారు, లైసెన్సు మాత్రం మీతోపాటు ఆ మరో రోజుకు రాదు. వారం ముందే కొనిపెట్టుకోకుండా, గాలి సూచన చూసి, పడవ బయల్దేరుతుందని ఖాయం చేసుకున్నాక ముందురోజు రాత్రి వెబ్‌సైటులో కొనండి.