చెట్టెక్కే హార్నెస్ కొంటున్నారా? ముందు వేలాడి చూడండి

వానలకు ముందు మన హైదరాబాద్‌లో గుల్‌మొహర్, నిద్రగన్నేరు కొమ్మలు కొట్టేవాళ్లు చాలామంది బిల్డింగ్ పనికి వాడే హార్నెస్‌తోనే (ఒంటికి బిగించుకునే పట్టీల సెట్టు) చెట్టెక్కేస్తుంటారు. అది మనిషి పడిపోతే ఆపడానికి చేసింది. దాని రింగు వీపు మీద ఉంటుంది కాబట్టి అందులో కూర్చుని రంపం పట్టలేం. మనకు కావాల్సింది తొడ పట్టీలుండి, తాడు ముందువైపు తగిలించుకునే సిట్ హార్నెస్. లేబుల్ మీద ఈఎన్ 813, ఈఎన్ 358 అనే యూరప్ భద్రతా ప్రమాణాలు రెండూ ఉండాలి.

రాణిగంజ్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, నేలకు అడుగెత్తులో, రంపంతో సహా పది నిమిషాలు వేలాడండి. నిలబడితే అన్నీ బాగానే అనిపిస్తాయి. వేలాడినప్పుడు నడుము పట్టీ పక్కటెముకల దాకా జారిందంటే సైజు పెద్దదే. తొడ పట్టీ కింద అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. కాళ్లు తిమ్మిరెక్కితే ఆ మోడల్ వదిలేయండి, ఎంత తక్కువకిచ్చినా సరే.

ముందుండే బ్రిడ్జి తాడు, అంటే హార్నెస్ రెండు పక్కలనీ కలుపుతూ మనం ఎక్కే తాడు తగిలించుకునే చిన్న తాడు, త్వరగా అరుగుతుంది. విడిగా మార్చుకునే వీలున్నదే తీసుకోండి. ఎక్కే ప్రతిసారీ దాన్ని వేళ్లతో తడమండి, నూగు లేచినా గట్టిపడినా ఆ రోజు ఎక్కొద్దు. సెకండ్ హ్యాండ్‌ది మాత్రం దయచేసి కొనకండి. దాని మీద ఎవరు ఎప్పుడు పడ్డారో మనకు తెలియదు.