జూన్‌టీన్త్ పుస్తకాన్ని పిల్లలకు చదివి వినిపించే ముందు

డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండే తెలుగు పిల్లలకు జూన్ 19 సెలవు కొత్తేమీ కాదు. టెక్సాస్‌లో బానిసలుగా పెట్టుకున్న నల్లజాతి వాళ్లకు విడుదల ప్రకటించిన ఆ రోజునే జూన్‌టీన్త్ అంటారు. 2021 నుంచి అది అమెరికా అంతటా ఫెడరల్ సెలవు. ఆ రోజు గురించి బొమ్మల పుస్తకాలు బోలెడు వచ్చాయి గానీ, అన్నీ ఒక్క తీరుగా ఉండవు.

పుస్తకాన్ని వెనక నుంచి తెరవండి. ఇలాంటి పుస్తకం సాధారణంగా 32 పేజీలు ఉంటుంది, చివర్లో పెద్దవాళ్ల కోసం రచయిత మాట ఉంటుంది. అక్కడ మూడు తేదీలు వెతకండి. అంతర్యుద్ధంలో దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల్లో బానిసత్వం చెల్లదన్న అధ్యక్షుడు లింకన్ విమోచన ప్రకటన 1863 జనవరి 1. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో విడుదలను ప్రకటించిన ఉత్తరాది జనరల్ గోర్డన్ గ్రేంజర్ ఉత్తర్వు 1865 జూన్ 19. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణకు రాష్ట్రాల ఆమోదం పూర్తయింది అదే ఏడాది డిసెంబరు 6. మూడోది లేకపోతే కథ అసంపూర్తి. కెంటకీ, డెలావేర్ రాష్ట్రాలు యూనియన్‌ను, అంటే లింకన్ పక్షాన్ని, విడిచిపోలేదు కాబట్టి లింకన్ ప్రకటన వాటికి వర్తించలేదు. అక్కడ బానిసత్వం ఆ డిసెంబరు దాకా చట్టబద్ధంగానే సాగింది.

తర్వాత చూడాల్సింది, రెండున్నరేళ్ల ఆలస్యానికి పుస్తకం చెప్పే కారణం. "కబురు ఆలస్యంగా చేరింది" అని వదిలేస్తే, పిల్లలు అదేదో ఉత్తరం దారి తప్పిందనుకుంటారు. చాలామంది యజమానులకు సంగతి తెలుసు. ప్రకటనను అమలు చేయించే సైన్యమే అక్కడ లేదు. అందుకే వేరే రాష్ట్రాల యజమానులు కూడా తమ దగ్గరున్న బానిసలను టెక్సాస్‌కు తోలుకెళ్లారు. అక్కడ విడుదల కావాల్సినవాళ్లు సుమారు 2,50,000 మంది. పుస్తకంలో ఇది లేకపోతే మీరే ఒక్క మాట కలపండి: "యజమానులకు తెలుసు, ఆపించేవాళ్లు లేక ఆపలేదు."

ఇక బొమ్మలు. గుర్రం మీది జనరల్‌కే నాలుగు పేజీలిచ్చి, నల్లజాతి వాళ్లను చప్పట్లు కొట్టే గుంపుగా గీసిన పుస్తకాన్ని బల్ల మీదే వదిలేయండి. విడిపోయిన బిడ్డల కోసం వెతికేవాళ్లు, బడికి వెళ్లే పెద్దలు కనిపించాలి. పండుగ చేసుకోవడానికి తమకంటూ చోటు కావాలని 1872లో హ్యూస్టన్ నల్లజాతి వాళ్లు డబ్బులు పోగేసి పదెకరాలు కొన్నారు. అదే నేటి ఎమాన్సిపేషన్ పార్క్.

నాలుగైదేళ్ల వాళ్లకు పాటలు, తిండి ఉన్న పేజీలు చాలు. పండుగ బల్ల మీద పుచ్చకాయ, స్ట్రాబెరీ సోడా, హిబిస్కస్ పానీయం అన్నీ ఎర్రగానే ఉంటాయి. ఆ పానీయం మన గోంగూర జాతి మొక్కకు కాసే ఎర్ర దొప్పలతోనే చేస్తారని చెబితే పిల్లలు ఎగిరి గంతేస్తారు.

ఏడెనిమిదేళ్ల వాళ్లకు ఆలస్యాన్ని కొలిచి చూపించాలి. 36 సెంటీమీటర్ల కాగితం పట్టీ కత్తిరించి, నెలకు ఒక సెంటీమీటరు లెక్కన గీయించండి. సున్నా దగ్గర 1863 జనవరి 1. దక్షిణాది సేనాని లీ లొంగిపోయిన 1865 ఏప్రిల్ 9 ఇరవై ఏడు దాటాక వస్తుంది. జూన్ 19 ఇరవై తొమ్మిదిన్నర దగ్గర. డిసెంబరు 6 మాత్రం 30 సెంటీమీటర్ల స్కేలులో పట్టదు, అయిదు సెంటీమీటర్లు బయటికి పోతుంది.

పదేళ్లు దాటితే గ్రేంజర్ ఉత్తర్వునే చదివించండి, ఒక పేజీ కూడా ఉండదు. సంపూర్ణ సమానత్వం అని చెప్పిన ఆ కాగితమే, ఉన్నచోటే ఉండి కూలికి పని చేయమని కూడా చెబుతుంది. ఈ రెండు మాటలూ ఎలా పొసగుతాయో వాళ్లనే అడగండి.

తెలుగులో చెప్పేటప్పుడు ఊరికే "బానిసలు" అనేకంటే "బానిసలుగా పెట్టుకున్న మనుషులు" అనండి. తప్పు చేసినవాళ్లెవరో ఆ మాటలోనే తెలుస్తుంది. యజమాని, బానిస వేషాలు వేయించి నాటకం మాత్రం ఆడించకండి. కొందరికి అది ఆటైపోతుంది, ఇంకొందరికి అవమానం మిగులుతుంది.

"మన దగ్గర కూడా ఉండేదా, తాతయ్యా?" అన్న ప్రశ్న ఖాయంగా వస్తుంది. వెట్టిచాకిరీ గురించి, 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం గురించి దాచకుండా చెప్పండి. కానీ రెండూ ఒకటేనని తేల్చేయకండి. టెక్సాస్‌లో చట్టం మనిషినే ఆస్తిగా చూసింది, తల్లి బానిసైతే పుట్టిన బిడ్డా అమ్మకానికే.

లైబ్రరీలో మే నెల మధ్యకల్లా హోల్డ్ పెట్టుకోండి, అంటే పుస్తకాన్ని మీ పేరున ఆపి ఉంచమనండి. జూన్ వచ్చేసరికి మంచివి చేతికి చిక్కవు, 19న చాలా లైబ్రరీలకు సెలవు కూడా.