కొన్ని వాలెట్లతో లాగిన్ ఎందుకు కాలేదు: నా అనుభవం

మా వికేంద్రీకృత (బ్లాక్‌చెయిన్‌పై ఆధారపడిన) వెబ్ యాప్‌లో పాస్‌వర్డు లేదు. సర్వర్ ఒక నాన్స్ (ఒక్కసారే వాడాల్సిన యాదృచ్ఛిక కోడ్) పంపుతుంది. వాడుకరి ఈఐపీ-4361 (ఈథీరియం ఖాతాతో లాగిన్ అయ్యే ప్రమాణం) పద్ధతిలోని సందేశంపై తన వాలెట్‌తో, అంటే ఈథీరియం ఖాతాను నడిపే యాప్‌తో, సంతకం చేస్తారు. సర్వర్ దాన్ని సరిచూసి సెషన్ తెరుస్తుంది. నా పరీక్షల్లో అంతా సాఫీగానే సాగింది. విడుదలయ్యాక మాత్రం కొందరికి ఎన్నిసార్లు ప్రయత్నించినా "సంతకం చెల్లదు" అనే వచ్చింది.

మొదట వాలెట్ అడ్రసులో పెద్ద, చిన్న అక్షరాల తేడాను అనుమానించాను. అన్నీ చిన్న అక్షరాల్లోకి మార్చి పోల్చినా ఫలితం మారలేదు. చివరికి విఫలమైన సంతకాల పొడవును లాగ్‌లో చూశాను. మామూలు సంతకం 65 బైట్లు. వీటిలో చాలావరకు అంతకు ఎంతో పొడవున్నాయి. అక్కడే ముడి వీడింది: అవన్నీ కాంట్రాక్ట్ వాలెట్లు, అంటే బ్లాక్‌చెయిన్‌పై ఉన్న ప్రోగ్రామ్ (కాంట్రాక్ట్) నడిపే ఖాతాలు. ఆ అడ్రసుల వెనుక ప్రైవేట్ కీ (సంతకం చేసే రహస్య సంఖ్య) ఉండదు. నేను వాడిన ఈథర్స్ లైబ్రరీలోని వెరిఫైమెసేజ్ అనే ఫంక్షన్ సంతకం నుంచి కీ యజమాని అడ్రసునే రాబడుతుంది, కాంట్రాక్ట్ అడ్రసును కాదు.

ఇలాంటప్పుడు ఈఆర్‌సీ-1271 అనే ప్రమాణం ప్రకారం సంతకం చెల్లుతుందా అని ఆ కాంట్రాక్టునే అడగాలి. వీయెమ్ లైబ్రరీలో పబ్లిక్ క్లయింట్ (బ్లాక్‌చెయిన్‌ను చదివే భాగం) ద్వారా పిలిచే వెరిఫైమెసేజ్ రెండు రకాల వాలెట్లనూ చూసుకుంటుంది. అదే పేరుతో విడిగా ఉన్న ఫంక్షన్ మామూలు కీలకే పనికొస్తుంది. ముందు దాన్నే ఇంపోర్ట్ చేసి ఒక పూట పోగొట్టుకున్నాను. ఆ క్లయింట్ చదివే చైన్ కూడా సందేశంలోని చైన్ ఐడీతో (ఏ బ్లాక్‌చెయిన్ అని చెప్పే సంఖ్యతో) కలవాలి. లేకపోతే కాంట్రాక్ట్ లేని చోట వెతుకుతుంది.

పనిలో పనిగా, సరిచూసిన వెంటనే నాన్స్‌ను చెరిపేసేలా మార్చాను. అంతకుముందు పాత సంతకాన్నే మళ్లీ పంపినా సర్వర్ లోపలికి రానిచ్చేది. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. దాని గురించి ఏ వాడుకరీ ఫిర్యాదు చేయరు.