నెట్‌వర్క్ పాఠాలు – 4: చెక్‌సమ్‌ను చేత్తో లెక్కేద్దాం

గత పాఠంలో ఈథర్‌నెట్ ఫ్రేమ్ (కేబుల్ మీద వెళ్లే డేటా మూట) చివర ఉండే సీఆర్‌సీ, అంటే దారిలో డేటా చెడిందేమో పట్టించే లెక్క గురించి చెప్పుకున్నాం. దాని కాపలా ఒక కేబుల్ ఈ కొస నుంచి ఆ కొస వరకే. ఫ్రేమ్ రౌటర్‌లోకి వెళ్లగానే పాత సీఆర్‌సీ పోతుంది, బయటికి వచ్చేటప్పుడు కొత్తది పడుతుంది. మధ్యలో రౌటర్ మెమరీలో ఒక బిట్ తారుమారైతే, తప్పుడు డేటాకు సరైన సీఆర్‌సీ వచ్చేస్తుంది! అందుకే పంపిన కంప్యూటర్ నుంచి అందుకున్న కంప్యూటర్ దాకా తోడుండే ఇంకో లెక్క కావాలి. కంప్యూటర్ల మధ్య డేటాను మోసే టీసీపీ, యూడీపీ అనే పద్ధతుల్లోని చెక్‌సమ్ అదే.

పెన్ను, కాగితం తీసుకోండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి కరీంనగర్ వ్యాపారికి మక్కల ధర క్వింటాలుకు 2400 అని వెళ్తోందనుకుందాం. కంప్యూటర్‌కు '2' అంటే 50, '4' అంటే 52, '0' అంటే 48. రెండేసి అంకెలను జత చేసి, మొదటిదాన్ని 256తో గుణించి రెండోది కలపాలి. "24" జత 12852 అవుతుంది, "00" జత 12336. రెండూ కలిపితే 25188. దీన్ని 65535లోంచి తీసేస్తే 40347. అదే చెక్‌సమ్. అసలు ప్యాకెట్‌లో (నెట్‌వర్క్ మీద వెళ్లే డేటా ముక్కలో) హెడర్లను, అంటే డేటా ముందు ఉండే చిరునామా లాంటి వివరాలను కూడా కలుపుతారు గానీ పద్ధతి ఇదే. మొత్తం 65535 దాటితే మాత్రం 65536 తీసేసి, 1 కలపాలి.

ఇప్పుడు ఇదే లెక్క 2301కి వేయండి. "23" అంటే 12851, "01" అంటే 12337. మొత్తం మళ్లీ 25188! క్వింటాలుకు 99 రూపాయలు తగ్గిపోయినా చెక్‌సమ్‌కు తెలియలేదు. జతలు అటూ ఇటూ మారి 0024 అయినా అంతే, కూడికలో వరుసకు విలువ లేదు కదా.

ఇంత బలహీనమైన లెక్కను కూడా కొందరు ఆపేశారు. ఇంటర్నెట్ చిరునామాల పాత పద్ధతి ఐపీవీ4లో యూడీపీ చెక్‌సమ్ గడిలో సున్నా పెడితే, పంపినవాళ్లు లెక్క వేయలేదని అర్థం. 1980లలో నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్ (ఇంకో కంప్యూటర్‌లోని ఫైళ్లను నెట్‌వర్క్ మీద వాడుకునే ఏర్పాటు) వేగం కోసం కొన్ని కంపెనీలు తమ ఆపరేటింగ్ సిస్టమ్‌లలో దీన్ని ముందే ఆఫ్ చేసి విక్రయించాయి. ఫైళ్లు మోసే చోటే కాపలా తీసేశారన్నమాట. ఇది నాకు క్షమించదగ్గ పనిగా అనిపించదు. డిఫాల్ట్‌గా ఏది ఉంటే దాన్నే జనం ఏళ్ల తరబడి వాడతారని అమ్మేవాళ్లకు తెలుసు. 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1122 అనే ఇంటర్నెట్ నియమాల పత్రం స్పష్టంగా చెప్పింది: ఈ చెక్‌సమ్ డిఫాల్ట్‌గా ఆన్‌లోనే ఉండాలి. ఐపీవీ4 తర్వాతి ఐపీవీ6 వచ్చేసరికి దీన్ని తప్పనిసరి చేశారు.

లింక్ మీద సీఆర్‌సీ ఉంది కదా, ఇది లేకపోతే ఏమవుతుందని అడిగేవాళ్లకు 2000లో జొనాథన్ స్టోన్, క్రెయిగ్ పార్ట్‌రిడ్జ్ అనే పరిశోధకులు జవాబు చూపించారు. నిజమైన ట్రాఫిక్‌ను పరిశీలిస్తే, 1,100 నుంచి 32,000 ప్యాకెట్లకు ఒకటి చొప్పున, సీఆర్‌సీ పట్టుకోవాల్సిన చోట కూడా, టీసీపీ చెక్‌సమ్ తప్పుతోంది. కారణాల్లో రౌటర్ మెమరీతో పాటు కంప్యూటర్ల హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ కూడా ఉన్నాయి.

ల్యాబ్‌లో ప్యాకెట్లను పట్టి చూపించే వైర్‌షార్క్ ప్రోగ్రామ్ తెరిస్తే, మీ కంప్యూటర్ పంపే ప్యాకెట్లకే చెక్‌సమ్ తప్పని కనిపించవచ్చు. టెన్షన్ పడకండి. ఇప్పుడు చాలాచోట్ల ఆ లెక్క నెట్‌వర్క్ కార్డు వేస్తుంది, వైర్‌షార్క్ అంతకు ముందే ప్యాకెట్‌ను పట్టుకుంటుంది. అవతలి కంప్యూటర్‌లో పట్టి చూడండి.

ఇంటి పని: రెండు జతల విలువలు 40000, 30000 అనుకుని చెక్‌సమ్ కట్టండి. 61070 రావాలి. తర్వాత ఒక పెద్ద ఫైల్‌ను ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పంపి, రెండుచోట్లా ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్ మొత్తం నుంచి లెక్కగట్టే, చెక్‌సమ్ కన్నా చాలా గట్టి గుర్తు) తీసి పోల్చండి. 2400, 2301 అని రాసిన రెండు చిన్న ఫైళ్లకూ తీయండి. ఆ రెండు హ్యాష్‌లను దగ్గర పెట్టుకుంటే వచ్చే పాఠం మొదలుపెడదాం.