అప్‌డేట్ ఎక్కదు, మెయిల్ పోదు: ఫార్మాట్ కొట్టే ముందు తేదీ చూడండి

"సార్, అప్‌డేట్ ఎర్రర్ చూపిస్తంది, అవుట్‌లుక్ పాస్‌వర్డ్ అడుగుతనే ఉంది, ఎంత కొట్టినా తీసుకుంటలేదు." యూనివర్సిటీ ఆఫీసుల్ల కంప్యూటర్లు చూసుకునేటోళ్లకు ఈ ఫోన్ కొత్తది కాదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నేను చేసేది ఇదే పని. ఎగ్జామినేషన్ బ్రాంచ్ కానీ, అకౌంట్స్ కానీ, లైబ్రరీ కానీ, నేను పొయ్యేసరికి ఎవరో ఒకరు అవుట్‌లుక్ తీసేసి మళ్ల ఎక్కించి ఉంటరు, పాస్‌వర్డ్ రెండుసార్లు రీసెట్ చేపించి ఉంటరు, ఇంకా ధైర్యం ఉన్నోళ్లయితే విండోస్ ఫార్మాట్ కొట్టేసి ఉంటరు. స్క్రీన్ కింద కుడి మూలకు ఉండే తేదీని మాత్రం ఎవ్వరూ చదవరు. అందుకే ఇంత పొడుగు రాస్తున్న.

ముందు ఒక్కటి తేల్చుకోండి. మెయిల్ ఒక్కటే ఆగిందా, అప్‌డేట్ ఒక్కటే ఆగిందా, రెండూ కలిసి ఆగినయా? దాన్ని బట్టే ఏడ వెతకాల్నో తెలుస్తది.

మెయిల్ ఒక్కటే ఆగితే

బ్రౌజర్‌ల మెయిల్ తెరవండి. అక్కడ అదే పాస్‌వర్డ్‌తోని లోపలికి పోతే అకౌంట్ మంచిగనే ఉంది, లొల్లి అంతా అవుట్‌లుక్‌ల ఉన్నట్టు. అక్కడ కూడ పోకపోతే పాస్‌వర్డే తప్పు. సెక్షన్‌కు ఒకటే మెయిల్ ఐడీ ఉండి నలుగురు వాడే కాడ, ఒకరు పాస్‌వర్డ్ మార్చి మిగతా ముగ్గురికి చెప్పకుండ లీవ్ మీద పోవుడు మామూలే. ఇంకోటి, మార్చినంక కూడ ఎవరిదో ఫోన్‌ల పాత పాస్‌వర్డే ఉంటది, అది జేబుల ఉండి పొద్దంత పాతదాంతోనే ట్రై చేసి చేసి అకౌంట్ లాక్ అయ్యేటట్టు చేస్తది, సిస్టమ్ ముందట కూసున్నాయనకు ఎందుకు లాక్ అయితుందో సమజ్ కాదు. ఫోన్లల్ల కూడ మార్చండి. మెయిల్‌బాక్స్ నిండిందా లేదా అన్నది కూడ ఒకసారి చూస్కోండి, స్కాన్ చేసిన సర్క్యులర్లు, విద్యార్థుల ఫొటోలు ఏండ్ల నుంచి అట్లనే పడి ఉంటయి.

అప్‌డేట్ ఒక్కటే ఆగితే

సీ డ్రైవ్‌ల జాగ చూడండి, ఎర్రగ కనబడితే ముందు అది ఖాళీ చేయండి. ఫోన్ హాట్‌స్పాట్‌తోని నడిపిస్తుంటే, ఆ కనెక్షన్ మీద మీటర్డ్ (డేటా పొదుపుగ వాడే కనెక్షన్) అని టిక్ ఉంటే విండోస్ చాలా అప్‌డేట్లు దించకుండ ఆపుకుంటది. తర్వాత రీస్టార్ట్. షట్‌డౌన్ కొట్టి మళ్ల ఆన్ చేస్తే రీస్టార్ట్ అయినట్టే అనుకుంటరు, కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌ల ఉంటే మామూలు షట్‌డౌన్‌ల సిస్టమ్ పూర్తిగ ఆగిపోదు, సగం సంగతి డిస్క్ మీద దాసుకొని పొద్దున అక్కడి నుంచే మొదలుపెడ్తది. రీస్టార్ట్ అని ఉన్నదాన్నే నొక్కండి. విండోస్ 10 సిస్టమ్ అయితే దానికి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ అయిపోయింది. గడువు అయినంక విడిగ ఇచ్చే ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్లు తీసుకోకపోతే సెక్యూరిటీ అప్‌డేట్లు రాకపోవుడే మామూలు, రిపేర్ చేసేటందుకు అక్కడ ఏం లేదు.

రెండూ ఆగితే

ఇగ అసలు సంగతి. మెయిల్, అప్‌డేట్ రెండూ ఒకే సిస్టమ్‌ల ఒకేసారి ఆగినయి, పక్క సీటు కంప్యూటర్‌ల నెట్ మంచిగనే వస్తంది అంటే మౌస్‌ను కింది మూలకు, గడియారం మీద పెట్టి ఒక్క క్షణం ఆగండి. పూర్తి తేదీ కనబడ్తది. రోజు, నెల, సంవత్సరం మూడూ బయటికి చదవండి. ఊరికే చూస్తే కుదరదు, నోటితోని చదవాలె. ఆ సంవత్సరం తప్పు ఉందంటే మీకు పని దొరికినట్టే. అప్‌డేట్ ఎర్రర్ కోడ్ చివర్ల 72ఎఫ్8ఎఫ్ అని ఉంటే అది కూడ ఇటే చూపిస్తది.

తేదీకీ మెయిల్‌కూ ఏం సంబంధం అని అడుగుతరు. మెయిల్ సర్వర్ అయినా అప్‌డేట్ సర్వర్ అయినా కనెక్ట్ అయ్యేటప్పుడు తన సర్టిఫికెట్ చూపిస్తది, దాని మీద ఈ రోజు నుంచి ఈ రోజు దాక చెల్లుతది అని ఉంటది. 2020 సెప్టెంబర్‌ల ఈ సర్టిఫికెట్ల గడువును 398 రోజులకు తగ్గించిండ్రు, 2026 మార్చి నుంచి 200 రోజులకు మించి ఇస్తలేరు. మీ సిస్టమ్ తన లెక్కల 2018ల ఉందనుకోండి, సర్వర్ చూపించే కాయితం దానికి ఇంకా పుట్టనే లేదు, అందుకే నమ్మదు, కనెక్షన్ తెంపేస్తది. తేదీ తప్పుంది అని బ్రౌజర్ కొంత నయంగ చెప్తది, అవుట్‌లుక్ అట్ల చెప్పదు, ఒకసారి సర్టిఫికెట్ అంటది, ఒకసారి పాస్‌వర్డ్ అంటది, ఒకసారి సర్వర్ దొరకలేదంటది. ఆ మాటలు నమ్మి మనం పాస్‌వర్డ్ వెంబడి పడ్తం.

నాకు ఇది బాగ తగిలింది ఒక ఎగ్జామినేషన్ బ్రాంచ్‌ల. సెమిస్టర్ రిజల్ట్స్ పంపే వారం. సూపరింటెండెంట్ మేడమ్ సిస్టమ్‌ల మెయిల్ పోతలేదు, అప్‌డేట్ ఎక్కుతలేదు. అవుట్‌లుక్ ప్రొఫైల్ తీసి కొత్తది చేసిన, యాంటీవైరస్ ఆపి చూసిన, నెట్‌వర్క్ కేబుల్ మార్చిన, రెండు రోజులు పోయినయి. టైమ్ చూడలేదా అంటే చూసిన, మూలకు 10:40 అని ఉంది, గోడ మీద కూడ 10:40. ఆ సిస్టమ్‌ల టాస్క్‌బార్ చిన్న బటన్లకు పెట్టి ఉంది, విండోస్ 10ల అట్ల పెడితే టైమ్ ఒక్కటే కనబడ్తది, తేదీ కనబడది. రెండో రోజు సాయంత్రం మాటల మీద అడిగిన, మేడమ్, ఈ గడియారం ఎప్పుడన్న వెనకకు పోతదా అని. "అది రోజూ పోతది సార్, పొద్దున ఆన్ చేస్తే పన్నెండు చూపిస్తది, నేనే గోడ గడియారం చూసి సరిచేస్త" అన్నది. మౌస్ పెట్టి చూస్తే 2018 జనవరి 1, సోమవారం. ఆమె రోజూ గంటలు, నిమిషాలు సరిచేసుకుంటంది, తేదీ జోలికి పోలేదు, నేను గంటలు చూసి తేదీ కూడ సరిగ్గనే ఉందనుకున్న. అప్పటి నుంచి నేను పోంగనే అడిగే మొదటి మాట ఇదే: పొద్దున ఆన్ చేసినప్పుడు టైమ్ మీరు పెడుతున్నరా?

"సెట్ టైమ్ ఆటోమేటికల్లీ ఆన్‌లనే ఉంది కద, దానంతట అదే సరి కావాలె కద" అని చాలామంది వాదిస్తరు. ఇక్కడనే మోసం ఉంది. డొమైన్‌ల, అంటే ఆఫీసు సెంట్రల్ సర్వర్ కింద, చేర్చని విండోస్ సిస్టమ్‌ల టైమ్ సర్వీస్ 15 గంటల దాక ఉన్న తేడానే దిద్దుతది. అంతకు మించి ఉంటే ఇది మరీ ఎక్కువ అని వదిలేస్తది. ఏండ్ల తేడాను అది ముట్టుకోదు. పైగా క్యాంపస్ ఫైర్‌వాల్‌ల టైమ్ తెచ్చుకునే దారి, 123 పోర్ట్, మూసి ఉంటే నిమిషం తేడా కూడ దిద్దలేదు. స్విచ్ ఆన్‌ల ఉందని తేదీ సరిగ్గ ఉన్నట్టు కాదు.

తేదీ ఎందుకు పోతది? మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్ల లెక్క ఒక బ్యాటరీ ఉంటది, సీఆర్2032 అంటరు, 3 వోల్టులది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం, ఆ నంబర్‌ల ఉన్నది అదే. కరెంట్ లేనప్పుడు గడియారాన్ని నడిపేది అది ఒక్కటే. సిస్టమ్ ఆఫ్‌ల ఉన్నా ప్లగ్‌కు కరెంట్ ఉంటే బ్యాటరీ మీద భారం పడదు. మన ఆఫీసుల్ల అటెండర్ పొయ్యేముందు గది మెయిన్ స్విచ్ దించుతడు, షార్ట్ సర్క్యూట్ భయానికి, అది మంచి అలవాటే, ఆపమనొద్దు. కానీ రాత్రంత, ఆదివారాలు, దసరా సెలవులు, ఎండకాలం సెలవులు మొత్తం ఆ బిళ్ల ఒక్కటే మోస్తది. అందుకే ఇంట్ల సిస్టమ్ కంటే ఆఫీసు సిస్టమ్‌ల తొందరగ అయిపోతది.

సరిచేసేది ఇట్ల. ముందు గడియారం మీద రైట్ క్లిక్ కొట్టి తేదీ, టైమ్ సెట్టింగ్స్‌కు పోండి, ఆటోమేటిక్ ఆపి తేదీ చేతితోని పెట్టండి, సంవత్సరంతో సహా. టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్నది, ప్లస్ 5:30ది, అదే ఉండాలె. అప్పుడు ఆటోమేటిక్ మళ్ల ఆన్ చేసి సింక్ నౌ కొట్టండి, ఇప్పుడు తేడా నిమిషాలల్లనే కాబట్టి తీసుకుంటది. అవుట్‌లుక్ మూసి తెరిస్తే అవుట్‌బాక్స్‌ల ఆగినయి వాటంతట అవే పోతయి. పని అయిందని లేచి రాకండి, బ్యాటరీ మార్చకపోతే రేపు పొద్దున మళ్ల అదే ఫోన్.

బ్యాటరీ నల్లగొండల గడియారం సెంటర్ కాడ అయినా, మహబూబ్‌నగర్‌ల క్లాక్ టవర్ పక్కన అయినా వాచీల షాపుల దొరుకుతది, కంపెనీ సీల్ ఉన్నది తీసుకోండి. మార్చే ముందు రెండు పనులు తప్పకుండ చేయండి. ఒకటి, బయోస్‌లకు (కంప్యూటర్ ఆన్ కాంగనే, విండోస్ లేవకముందు తెరిచే సెట్టింగ్స్) పోయి సెట్టింగ్స్ అన్ని పేజీలు ఫోన్‌ల ఫొటో తీసుకోండి, ముఖ్యంగ హార్డ్ డిస్క్ మోడ్ ఉన్న పేజీ, అది మారితే విండోస్ లేవకపోవచ్చు. రెండోది, బిట్‌లాకర్ (డిస్క్ మీది డేటాకు విండోస్ వేసే తాళం) ఆన్‌ల ఉందా చూడండి, ఉంటే రికవరీ కీ చేతిల పెట్టుకున్నంకనే డబ్బ తెరవండి, ఎందుకంటే బయోస్ సెట్టింగ్స్ మారితే అది 48 అంకెల కీ అడగొచ్చు, ఆ కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. ప్లగ్ పీకి, పవర్ బటన్ కొన్ని సెకండ్లు నొక్కి పట్టి, పక్కనున్న క్లిప్‌ను మెల్లగ జరిపితే పాత బిళ్ల పైకి లేస్తది. రాత ఉన్న మొకం, ప్లస్ గుర్తున్నది, పైకి ఉండాలె. బయోస్‌ల తేదీ పెట్టి సేవ్ చేయండి.

దీనికే తమ్ముడి లెక్క ఇంకోటి ఉంది, టైమ్ జోన్. కొత్త విండోస్ ఎక్కించినప్పుడు అమెరికా పసిఫిక్ జోన్‌ల వదిలేసి, గడియారం మాత్రం మన టైమ్‌కు చేతితోని తిప్పి పెడ్తరు. చూడనీకి 11 గంటలు, కరెక్టే. లోపల మాత్రం సిస్టమ్ పదమూడున్నర గంటలు ముందు నడుస్తుంటది, అక్కడి ఎండకాలంల అయితే పన్నెండున్నర. సర్టిఫికెట్లకు అంత తేడా చాలాసార్లు తగలది, కానీ మెయిల్ లాగిన్‌కు ఇచ్చే టోకెన్లు, అంటే లోపలికి రానిచ్చే చీటీలు, గంటా గంటన్నరకు అయిపోయేవి, అవి రాంగనే పాతవైనట్టు కనబడి మళ్ల మళ్ల సైన్ ఇన్ అడగొచ్చు. పంపిన మెయిల్ మీద రేపటి తేదీ పడితే ఇదే అనుకోండి.

తేదీ సరి అయినంక కూడ మెయిల్ రాకపోతే, అంతకు ముందు ఎవరో సెట్టింగ్స్ కెలికి ఉంటరు. గూగుల్ మెయిల్ అయితే వచ్చేదానికి ఐమ్యాప్ పోర్ట్ 993 ఎస్ఎస్ఎల్, పొయ్యేదానికి 465 ఎస్ఎస్ఎల్ లేకపోతే 587 టీఎల్ఎస్. 25 అని పెట్టి ఉంటే మార్చేయండి. గూగుల్ వర్క్‌స్పేస్ అకౌంట్లకు 2025 మే నుంచి మామూలు పాస్‌వర్డ్‌తోని పాత పద్ధతి లాగిన్ బందయింది, గూగుల్ సైన్ ఇన్ విండో రావాలె, లేకపోతే రెండంచెల వెరిఫికేషన్ పెట్టి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలె. మైక్రోసాఫ్ట్ వైపు ఇదే పని 2022 అక్టోబర్‌ల మొదలైంది, కాబట్టి ఆఫీస్ 365 మెయిల్‌ను అవుట్‌లుక్ 2010ల పెట్టాలని కూసోకండి, అది ఆ కొత్త లాగిన్ చేయలేదు.

మిగతా కారణాలు అరుదు. చివర 0643 అని ఉండే ఎర్రర్ 2024 జనవరి అప్‌డేట్‌తోని వస్తే రికవరీ పార్టిషన్‌ల (విండోస్ రిపేర్ కోసం డిస్క్ మీద విడిగ పెట్టిన భాగం) జాగ తక్కువని అర్థం. ప్రాక్సీ (నెట్‌కు మధ్యల ఉండే సర్వర్) తప్పుగ ఉండుడు, హోస్ట్స్ ఫైల్‌ల (సైట్ల అడ్రస్‌లు ఉండే ఫైల్) ఎవరో రాసి పెట్టుడు, హార్డ్ డిస్క్ చెడిపోవుడు, ఇవి పైవన్నీ చూసినంకనే చూడండి.

బ్యాటరీ మార్చిన రోజు సాయంత్రం అటెండర్‌ను మెయిన్ స్విచ్ మామూలుగనే దించమనండి. పొద్దున సూపరింటెండెంట్ మేడమ్ వచ్చి సిస్టమ్ ఆన్ చేసినంక ఏమీ ముట్టుకోకముందే మౌస్ మూలకు పెట్టి తేదీ చదివి ఫోన్‌ల చెప్పమనండి. ఆ రోజు తేదీనే చెప్తే కంప్లయింట్ మూసేయొచ్చు.