రంగుల గోడల మధ్య లైట్లు బిగించే ముందు

గోడల మీద చిత్రాలున్న ప్రార్థనా మందిరంలో లైట్లు పెట్టాలంటే, డ్రాయింగ్ గీయకముందే ఒక పూట ప్రార్థన జరుగుతుండగా లోపల ఓ మూల కూర్చుని చూడండి. జనం ఎటు తిరిగి కూర్చుంటారు, ఎక్కడ తలెత్తి చూస్తారు, ఎక్కడ పుస్తకం చదువుతారు అన్నది ప్లాన్‌లో కనపడదు.

☐ లక్స్ మీటర్ (ఒక చోట పడే వెలుతురును లక్స్ లెక్కన కొలిచే పరికరం) దగ్గర పెట్టుకోండి. మ్యూజియంలలో బట్టకు, కాగితానికి, నీటిరంగులకు 50 లక్స్, ఫ్రెస్కోలకు (తడి సున్నపు పూత మీద వేసిన గోడ చిత్రాలకు), తైలవర్ణ చిత్రాలకు 200 లక్స్ దాటనివ్వరు. ఎన్ని గంటలు వెలుగుతుందన్నదీ లెక్కే. 50 లక్స్ కింద 4 గంటలు, 200 లక్స్ కింద గంట రంగుకు చేసే నష్టం దాదాపు ఒకటే. కాబట్టి ఎవరూ లేనప్పుడు చిత్రాల లైట్లు ఆరిపోయేలా వేరే సర్క్యూట్ ఇవ్వండి. వెలిసిన రంగు మళ్లీ రాదు.

☐ హాలోజెన్ వద్దు, వేడి ఎక్కువ. సీఆర్‌ఐ (వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే 100 లోపు అంకె) 90 దాటిన ఎల్‌ఈడీ, 2700-3000 కెల్విన్ (కాస్త పసుపు ఛాయ ఉన్న వెచ్చటి వెలుతురు) తీసుకోండి.

☐ బంగారు రేకు మీద అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. స్పాట్‌లైట్ సూటిగా కొడితే అక్కడ తెల్లటి మచ్చే మిగులుతుంది, బంగారం కనపడదు. వెలుతురు పక్కనున్న లేత గోడ మీద పడి మెత్తగా తిరిగి రావాలి. నేల మీద కూర్చున్న మనిషి కళ్ల ఎత్తు నుంచి చూసి సరిచేయండి. గోడను రాసుకుంటూ పోయే వెలుతురైతే ప్రతి పగులునూ, పాత అతుకునూ ఎత్తి చూపిస్తుంది.

☐ చిత్రమున్న గోడకు డ్రిల్ పెట్టొద్దు.

☐ మొత్తం ఆర్డర్ ఇచ్చేముందు చీకటి పడ్డాక ఒక్క భాగానికి తాత్కాలికంగా లైట్లు పెట్టి, అక్కడ రోజూ ప్రార్థన చేసేవాళ్లను పిలిచి చూపించండి.