చౌక విమాన టికెట్ కొనే ముందు: తిరుపతి, చిత్తూరు వాళ్లకు జాగ్రత్తలు

రేణిగుంట నుంచి రేటు కనబడగానే డబ్బు కట్టేయకండి. అదే తేదీకి చెన్నై నుంచీ చూడండి, చిత్తూరు వాళ్లు బెంగళూరు కూడా. అయితే తిరుపతి నుంచి చెన్నై విమానాశ్రయం సుమారు 140 కిలోమీటర్లు. కారు బాడుగ కలిపాక కూడా తక్కువైతేనే పోండి. పెద్దవాళ్లు వెంట ఉంటే ఎక్కువైనా రేణిగుంటే నయమంటాను.

• పేరు దగ్గర తొందర వద్దు. మన ఇంటిపేరు ఒక కార్డులో పొడి అక్షరంగా, ఇంకో కార్డులో పూర్తిగా ఉంటుంది. ప్రయాణంలో చూపించబోయే కార్డునే పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూడండి.

• లగేజీ ఇంట్లోనే తూచండి. దేశీయ చౌక టికెట్లకు మామూలుగా చేతిసంచి 7 కిలోలు, కౌంటర్‌లో అప్పగించే లగేజీ 15 కిలోలు. శ్రీవారి చిన్న లడ్డు సుమారు 175 గ్రాములు. 20 లడ్డూలంటే 3.5 కిలోలు, చేతిసంచిలో సగం వాటికే సరి. బరువు మించేలా ఉంటే ముందే ఆన్‌లైన్‌లో కట్టండి, కౌంటర్‌లో ఎక్కువ పడుతుంది.

• సీటు, భోజనం, ఇన్సూరెన్స్ అక్కర్లేకపోతే టిక్కు తీసేయండి.

• రెండు విమానాలకు విడివిడిగా టికెట్లు కొంటే మధ్యలో చాలా గంటలు ఉంచుకోండి. మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోతే మళ్లీ కొనాల్సింది మీరే.